పై గౌ పోకర్ ఆడటం ఎలా: ఏడు ముక్కలు, రెండు హ్యాండ్లు

రమ్మీలో పదమూడు ముక్కలు చేతిలో విప్పి సర్దుకోవడం అలవాటైన వాళ్లకి, క్యాసినోలో అడుగుపెట్టగానే సగం తెలిసినట్టే అనిపించే ఆట ఒకటి ఉంది. అదే పై గౌ పోకర్. మామూలు పోకర్‌లో లాగా ఎదుటివాడి ముఖం చదవక్కర్లేదు, బ్లఫ్ చేయక్కర్లేదు, పందెం పెంచుతూ పోనక్కర్లేదు. ఏడు ముక్కలు ఇస్తారు. వాటిని అయిదు, రెండుగా విడదీయాలి. ఆ విడదీయడంలోనే ఆటంతా ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు లాస్ వేగస్ వెళ్లినప్పుడు ఈ బల్ల పక్కనుంచే దాటి వెళ్లిపోతుంటారు. పేరు కొత్తగా ఉంటుంది, జనం నెమ్మదిగా ముక్కలు సర్దుకుంటూ కనిపిస్తారు, ఏం జరుగుతోందో అర్థం కాదు. నిజానికి క్యాసినోలో కొత్తవాళ్లు టెన్షన్ లేకుండా కూర్చోగలిగే బల్లల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. నియమాలు అరగంటలో వచ్చేస్తాయి. ముక్కలు సరిగ్గా విడదీయడం మాత్రం కొంచెం శ్రద్ధగా నేర్చుకోవాలి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఎక్కడి నుంచి వచ్చింది

పై గౌ అనేది చైనాలో ఎప్పటి నుంచో ఉన్న డామినో ఆట. అందులో పేక ఉండదు, చుక్కలున్న 32 బిళ్లలుంటాయి. ఒక్కొక్కరికి నాలుగు బిళ్లలు ఇస్తారు, వాటిని రెండేసిగా విడదీసి రెండు హ్యాండ్లు చేసుకోవాలి. బ్యాంకర్ అంటే మిగతా అందరి పందేలకీ ఎదురు నిలిచి చెల్లించేవాడు, అతని రెండు హ్యాండ్లనూ కొడితేనే గెలుపు. ఒకటి గెలిచి ఒకటి ఓడితే పందెం అలాగే ఉండిపోతుంది. సమానమైతే బ్యాంకర్‌దే పైచేయి. బిళ్లల జతల విలువలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి, చిన్నప్పటి నుంచి చూడని వాళ్లకి ఆ ఆట అంత తొందరగా పట్టుబడదు.

1985లో లాస్ ఏంజెలెస్ దగ్గర బెల్ అనే ఊళ్లో కార్డ్ క్లబ్ నడిపే శామ్ టొరోసియన్ ఈ పద్ధతిని పేకలోకి తెచ్చాడు. ఆయన క్లబ్బుకు వచ్చే ఒక పెద్దాయన, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు, తమ దేశంలో ఆడే పుసోయ్ గురించి చెప్పాడట. పదమూడు ముక్కల్ని మూడు హ్యాండ్లుగా సర్దుకునే ఆట అది. పుసోయ్‌కి కూడా మూలం చైనీస్ పోకరే. పదమూడు ముక్కలైతే ఆట మరీ సాగుతుందని, టొరోసియన్ దాన్ని ఏడు ముక్కలకీ రెండు హ్యాండ్లకీ కుదించాడు. రెండు హ్యాండ్ల లెక్కనూ పేరునూ పై గౌ నుంచి తీసుకుంటే, హ్యాండ్ల విలువలు పోకర్ నుంచి వచ్చాయి. ఆటకి పేటెంట్ రాదని లాయరు చెప్పడంతో ఆయన దాన్ని నమోదు చేయించుకోలేదు. ఆట క్యాలిఫోర్నియా దాటి నెవాడాకీ మిగతా రాష్ట్రాలకీ పాకింది, కనిపెట్టినాయనకి రాయల్టీ మాత్రం రాలేదు.

పేక, జోకర్

మామూలు 52 ముక్కల పేకకి ఒక్క జోకర్ కలుపుతారు, మొత్తం 53. రమ్మీ ఆడేవాళ్లు మొదట తడబడేది ఈ జోకర్ దగ్గరే. మన రమ్మీలో జోకర్ ఏ ముక్కకైనా బదులు వస్తుంది. ఇక్కడ రాదు. ఈ జోకర్‌కి రెండే పనులు. వరుసనో, ఒకే రంగు ముక్కలనో పూర్తి చేయడానికి కావలసిన ముక్కగా మారుతుంది. అది కుదరకపోతే ఆసుగా నిలుస్తుంది. అంతే.

ఉదాహరణకి మీ చేతిలో రాజు, జోకర్ ఉన్నాయనుకోండి. రెండు ముక్కల హ్యాండ్‌లో వాటిని పెడితే రాజుల జత అవ్వదు. ఆసు, రాజు అవుతుంది. జోకర్ పక్కన ఆసు పెడితే మాత్రం ఆసుల జతే. అలాగే 5, 6, 8, 9లతో పాటు జోకర్ ఉంటే అది 7గా మారి వరుస పూర్తవుతుంది. క్యాలిఫోర్నియాలోని కొన్ని కార్డ్ రూముల్లో జోకర్‌ని ఏ ముక్కగానైనా వాడుకోనిస్తారు కాబట్టి, కూర్చునే ముందు ఆ ఒక్క మాట డీలర్‌ని అడిగేయండి.

ఏ హ్యాండ్ పెద్దది

రంగులకి, అంటే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరులకి ఒకదానికన్నా ఒకటి ఎక్కువ అనేది లేదు. అన్నీ సమానమే. అయిదు ముక్కల హ్యాండ్‌లో చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తే క్రమం ఇలా ఉంటుంది. జత లేని ముక్కలు, వాటిలో పెద్ద ముక్క ఏదైతే దాన్ని బట్టి విలువ. తర్వాత ఒక జత, దాని పైన రెండు జతలు, దాని పైన ఒకే నంబరువి మూడు. ఆపైన స్ట్రెయిట్, అంటే రంగుతో పని లేకుండా వరుసగా అయిదు. తర్వాత ఫ్లష్, వరుస లేకపోయినా అయిదూ ఒకే రంగువి. ఆపైన ఫుల్ హౌస్, మూడు ఒక నంబరువి, రెండు ఇంకో నంబరువి. తర్వాత ఒకే నంబరువి నాలుగు, దాని పైన స్ట్రెయిట్ ఫ్లష్, ఆపైన పది నుంచి ఆసు దాకా ఒకే రంగులో వచ్చే రాయల్ ఫ్లష్. అన్నిటికన్నా పైన అయిదు ఆసులు, అంటే నాలుగు ఆసులూ జోకరూ.

రెండు ముక్కల హ్యాండ్‌లో స్ట్రెయిట్లూ ఫ్లష్‌లూ లెక్కలోకి రావు. జత ఉందా, లేకపోతే పెద్ద ముక్క ఏది అన్నదే చూస్తారు. అక్కడ అన్నిటికన్నా పెద్దది ఆసుల జత, అన్నిటికన్నా చిన్నది 3, 2.

ఇంకో వింత నియమం ఉంది, కానీ మూడు ముక్కలాట ఆడినవాళ్లకి అది వింతగా అనిపించదు. స్ట్రెయిట్లలో ఆసు, రాజు, రాణి, జాకీ, పది అన్నిటికన్నా పెద్దది. దాని తర్వాతది రాజు నుంచి కిందికి వెళ్లే వరుస కాదు, ఆసు, 2, 3, 4, 5. మూడు ముక్కలాటలో ఆసు, రాజు, రాణి తర్వాత చాలామంది ఆసు, రెండు, మూడుకి చోటిస్తారు కదా, సరిగ్గా అదే లెక్క. మామూలు పోకర్‌లో ఇదే అన్నిటికన్నా చిన్న స్ట్రెయిట్. నెవాడాలో ఎక్కువ క్యాసినోలు దీన్ని రెండో స్థానంలో పెడతాయి. కొన్ని చోట్ల మామూలు పోకర్ లెక్కే పాటిస్తారు. బల్ల మీద పెట్టిన నియమాల కార్డులో ఈ సంగతి రాసి ఉంటుంది.

బల్ల దగ్గర ఏం జరుగుతుంది

బల్ల చుట్టూ ఆరుగురు ఆడొచ్చు, ఏడోది డీలర్ స్థానం. ముందు బల్ల మీద కనీస పందెం ఎంతో రాసి ఉన్న బోర్డు చూడండి. డబ్బు డీలర్ చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ఆయన లెక్కపెట్టి చిప్స్ ఇస్తాడు. మీ ముందున్న వృత్తంలో పందెం పెట్టాక డీలర్ పేక కలిపి ఏడు ముక్కల చొప్పున ఏడు కుప్పలు పేరుస్తాడు. మొత్తం 49 ముక్కలు పంచగా నాలుగు మిగులుతాయి. వాటిని పక్కన పెట్టేస్తారు. బల్ల దగ్గర ఇద్దరే ఉన్నా ఏడు కుప్పలూ పేరుస్తారు, ఖాళీ స్థానాలవి తర్వాత తీసేస్తారు.

మొదటి కుప్ప ఎవరికి వెళ్లాలో తేల్చడానికి మూడు పాచికల్ని చిన్న గిన్నెలో వేసి కదుపుతారు. ఇప్పుడు చాలా చోట్ల పాచికల బదులు అంకె చూపే ఎలక్ట్రానిక్ యంత్రం పెట్టేశారు. బ్యాంకర్ (మామూలుగా డీలరే) స్థానాన్ని ఒకటిగా లెక్కపెడుతూ పాచికల మొత్తం దాకా వెళ్తారు. ఏడు స్థానాలే కాబట్టి 8 పడినా 15 పడినా లెక్క మళ్లీ బ్యాంకర్ దగ్గరికే వస్తుంది. ఈ పాచికల తంతు డామినో ఆట నుంచి నేరుగా వచ్చిందే.

ముక్కలు అందుకున్నాక తొందర పడొద్దు. ఈ బల్ల దగ్గర ఎవరూ మిమ్మల్ని తరమరు. సర్దుకున్నాక రెండు ముక్కల హ్యాండ్‌ని డీలర్ వైపు ఉన్న గడిలో, అయిదు ముక్కల హ్యాండ్‌ని మీ వైపు ఉన్న గడిలో బోర్లా పెట్టాలి. అంటే రెండు ముక్కలది ముందు, అయిదు ముక్కలది వెనక. అందరూ పెట్టేశాక డీలర్ తన ఏడు ముక్కలూ తిప్పి, క్యాసినో ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం సర్దుతాడు. ఈ పద్ధతిని హౌస్ వే అంటారు. సొంత తెలివి వాడే వీలు డీలర్‌కి లేదు. ఆయన ముక్కలు తిప్పాక మీ ముక్కల్ని తాకకూడదు.

ఇప్పుడు పోలిక. మీ చిన్న హ్యాండ్‌ని, అంటే రెండు ముక్కలదాన్ని, డీలర్ చిన్న హ్యాండ్‌తో, అయిదు ముక్కల పెద్దదాన్ని పెద్దదానితో పోలుస్తారు. రెండూ గెలిస్తే పందెం గెలిచినట్టు, రెండూ ఓడితే పోయినట్టు. ఒకటి గెలిచి ఒకటి ఓడితే పుష్, మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. రెండింటివీ అచ్చం ఒకే ముక్కలైతే, అంటే ఇద్దరి చిన్న హ్యాండ్‌లోనూ ఆసు, రాజు ఉంటే, ఆ హ్యాండ్ బ్యాంకర్‌కే వెళ్తుంది. గెలిచిన పందెం మీద అయిదు శాతం కమిషన్ పట్టుకుంటారు. 20 డాలర్లు పెట్టి గెలిస్తే చేతికి వచ్చేది 19.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం

అయిదు ముక్కల హ్యాండ్ విలువ రెండు ముక్కల హ్యాండ్ కన్నా ఎక్కువగా ఉండి తీరాలి. అలా లేకపోతే ఫౌల్. చాలా చోట్ల ఫౌల్ అయితే పందెం పోయినట్టే, కొన్ని చోట్ల డీలర్ హౌస్ వే ప్రకారం సరిచేస్తాడు.

ఫౌల్ ఎలా అవుతుందో ఒకసారి చూడండి. మీకు ఆసు, ఆసు, రాజు, 9, 7, 5, 3 వచ్చాయి. చిన్న హ్యాండ్ గట్టిగా ఉండాలని ఆసుల జతను అక్కడ పెట్టారు. వెనక మిగిలింది రాజు, 9, 7, 5, 3. అందులో జత లేదు, ముందున్న హ్యాండ్ పెద్దదైపోయింది. ఇది ఫౌల్. స్ట్రెయిటూ ఫ్లషూ లాంటివేవీ లేకుండా జత ఒక్కటే ఉన్నప్పుడు అది వెనక్కే వెళ్లాలి. ఆ జత కూడా లేనప్పుడు అన్నిటికన్నా పెద్ద ముక్క వెనక్కే వెళ్లాలి. బల్ల మీద పెట్టేలోగా ముందు హ్యాండ్, వెనక హ్యాండ్ మనసులో ఒకసారి చదువుకోండి. వెనకది పెద్దదేనా అని చూసుకున్నాకే చెయ్యి తియ్యండి.

చిన్న హ్యాండ్‌ని ఆకలితో ఉంచకండి

కొత్తవాళ్లందరిదీ ఒకే వరస. అయిదు ముక్కల హ్యాండ్‌ని వీలైనంత గొప్పగా తయారుచేసుకుని, మిగిలిన రెండు చిల్లర ముక్కల్ని ముందు పడేస్తారు. వెనక ఫుల్ హౌస్ ఉందని సంబరపడతారు. కానీ గెలవాలంటే రెండూ గెలవాలి. వెనక ఫుల్ హౌస్ పెట్టి ముందు 9, 4 పెడితే చాలాసార్లు వచ్చేది పుష్ మాత్రమే. అయిదు ముక్కల హ్యాండ్ గెలవడానికి ఎంత బలం చాలో అంతే అక్కడ ఉంచి, మిగతా బలాన్ని ముందుకు తోయాలి. ఇది ఒంటబడితే ఈ ఆట వచ్చినట్టే. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క సంగతికి రకరకాల రూపాలే.

ఏమీ లేనప్పుడు: ఆసు, రాణి, జాకీ, 9, 7, 4, 3 వచ్చాయి. జతా లేదు, వరుసా లేదు, రంగూ లేదు. ఇలాంటి హ్యాండ్‌నే బల్ల దగ్గర పై గౌ అంటారు. ఆసు వెనక్కి వెళ్లాలి, రాణీ జాకీ ముందుకి. అంటే పెద్దది వెనక, తర్వాతి రెండూ ముందు. ఇందులో వేరే ఆలోచన అక్కర్లేదు.

ఒక జత ఉన్నప్పుడు: 8, 8, ఆసు, రాజు, 10, 5, 3. జత వెనక, మిగిలిన వాటిలో పెద్దవి రెండూ, అంటే ఆసూ రాజూ, ముందు. ఇది కూడా సులువే.

రెండు జతలు వస్తేనే అసలు పరీక్ష. రెండూ కలిపి వెనక పెట్టాలా, చిన్న జతను ముందుకు తేవాలా? ప్రతి క్యాసినో హౌస్ వేలోనూ దీనికి పెద్ద పట్టిక ఉంటుంది. కంఠతా పట్టే ఓపిక లేనివాళ్లకి ఒక సులువైన లెక్క ఉంది. రెండు జతల నంబర్లూ కూడండి. జాకీ 11, రాణి 12, రాజు 13, ఆసు 14. మొత్తం 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే విడదీయండి, పెద్ద జత వెనక, చిన్న జత ముందు. 10 నుంచి 15 మధ్య వస్తే, విడిగా ఆసు ఉంటే రెండు జతలూ వెనకే ఉంచి ఆసుని ముందు పెట్టండి, ఆసు లేకపోతే విడదీయండి. 9 లేదా అంతకన్నా తక్కువైతే, విడిగా ఆసో రాజో ఉన్నా చాలు, జతలు కలిపి ఉంచండి. రెండూ లేకపోతే విడదీయడమే.

ముక్కలు పట్టుకుని చూద్దాం. రాజు, రాజు, 5, 5, ఆసు, 9, 3. మొత్తం 18, విడదీయాలి. వెనక రాజుల జతతో ఆసు, 9, 3, ముందు అయిదుల జత. చేతిలో ఆసు ఉంది కదా, ముందు పెడదామనిపిస్తుంది. కానీ చిన్న హ్యాండ్‌లో అయిదుల జత ఆసు, 9 కన్నా ఎంతో గట్టిది. వెనక రాజుల జత ఒక్కటే సరిపోయే బలం. ఇంకోటి: 6, 6, 3, 3, ఆసు, జాకీ, 8. మొత్తం 9, ఆసు ఉంది. విడదీస్తే వెనక ఆరుల జత ఒక్కటే మిగులుతుంది, అది సులభంగా ఓడిపోతుంది. అందుకే రెండు జతలూ 8తో కలిపి వెనక, ఆసూ జాకీ ముందు. మూడోది: 9, 9, 4, 4, రాజు, 7, 2. మొత్తం 13, ఆసు లేదు. విడదీయాలి: తొమ్మిదుల జతతో రాజు, 7, 2 వెనక, నాలుగుల జత ముందు. ఇదే చేతిలో రాజు బదులు ఆసు ఉంటే జతలు రెండూ వెనకే ఉంటాయి.

మూడు జతలు వస్తే ఆలోచించే పనే లేదు. అన్నిటికన్నా పెద్ద జత ముందుకి వెళ్తుంది. రాణుల జత, ఎనిమిదుల జత, మూళ్ల జత, ఒక ఆసు ఉంటే, ముందు రాణులు, వెనక ఎనిమిదులూ మూళ్లూ ఆసూ. కొత్తవాళ్లు ఇక్కడ చిన్న జతను ముందుకు తెస్తుంటారు. వెనక రెండు జతలు ఎలాగూ ఉంటాయి కాబట్టి, పెద్ద జతని ముందు పెట్టినా ఫౌల్ అవ్వదని గుర్తుంచుకోండి.

ఒకే నంబరువి మూడు వస్తే మూడూ వెనక, మిగతా వాటిలో పెద్దవి రెండు ముందు. 7, 7, 7, రాజు, జాకీ, 5, 2 ఉంటే రాజూ జాకీ ముందుకొస్తాయి. మూడు ఆసులు మాత్రం వేరు. ఆసు, ఆసు, ఆసు, రాణి, 9, 6, 4 వస్తే ఒక ఆసుని రాణితో కలిపి ముందు పెట్టి, ఆసుల జతని వెనక ఉంచాలి. మూడు మూడుగా రెండు సెట్లు వస్తే, పెద్ద సెట్‌ని విరిచి దానిలోంచి జతని ముందు పెట్టాలి, చిన్న సెట్ అలాగే వెనక.

స్ట్రెయిట్, ఫ్లష్ వచ్చినప్పుడు చాలామంది చూడకుండా వదిలేసేది ఒకటుంది. ఆరు ముక్కలు ఒకే రంగువి వచ్చాయనుకోండి: ఆఠీనులో ఆసు, జాకీ, 9, 6, 4, 2, వాటితో పాటు ఇస్పేటు రాజు. గబుక్కున ఆసుతో మొదలయ్యే ఫ్లష్ పెట్టేస్తే ముందు రాజూ రెండూ మిగులుతాయి. జాకీతో మొదలయ్యే ఫ్లష్ కూడా ఫ్లషే. జాకీ, 9, 6, 4, 2 వెనక పెట్టండి, ఆసూ రాజూ ముందుకు తీసుకురండి. జత లేకుండా చిన్న హ్యాండ్‌కి అంతకన్నా మంచి ముక్కలు ఉండవు. అలాగే 5, 6, 7, 8, 9తో పాటు జాకీల జత ఉంటే వరుస వెనక, జాకీలు ముందు. ఇలాంటివి వచ్చినప్పుడు ఆట ఎంత హాయిగా ఉంటుందో.

స్ట్రెయిట్‌తో పాటు రెండు జతలు కూడా ఉంటే రెండు జతల లెక్కే ముందు చూడండి. 10, 10, 9, 8, 7, 6, 6 వచ్చాయి. 6 నుంచి 10 దాకా వరుస కుదురుతుంది, కానీ ముందు 10, 6 మిగులుతాయి, అవి నిలబడవు. జతలు కూడితే 16. కాబట్టి విడదీయాలి: వెనక పదుల జతతో 9, 8, 7, ముందు ఆరుల జత.

ఫుల్ హౌస్ వస్తే విరగ్గొట్టాలి. 9, 9, 9, 4, 4, రాజు, 2 ఉంటే మూడు తొమ్మిదులు రాజూ రెండుతో కలిసి వెనక, నాలుగుల జత ముందు. ఒక్క మినహాయింపు: జత రెండ్లది అయి, మిగతా రెండు ముక్కలూ ఆసూ రాజూ అయితే ఫుల్ హౌస్ వెనకే ఉంచి వాటిని ముందు పెట్టొచ్చు. నాలుగు ఒకే నంబరువి వస్తే, 2 నుంచి 6 దాకా అయితే కలిపే ఉంచండి. రాజుల్లాంటి పెద్దవైతే రెండేసిగా విడదీయండి, విడిగా ఆసు ఉంటే మాత్రం కలిపి ఉంచి ఆసుని ముందు పెట్టండి. మధ్యలో 7 నుంచి 10 వాటికి, ముందు పెట్టడానికి ఆసో రాజో ఉంటే కలిపి ఉంచడం, లేకపోతే విడదీయడం. అయిదు ఆసులు పడితే ముందు రెండు, వెనక మూడు. మిగతా రెండు ముక్కలూ రాజులైతే మాత్రం అయిదు ఆసులూ వెనక, రాజులు ముందు.

జోకర్ ఉన్న హ్యాండ్‌ని చివర ఇంకోసారి చూసుకోండి. మొదట వరుస కుదురుతుందా, తర్వాత ఒకే రంగువి నాలుగు ఉన్నాయా అని వెతకండి. రెండూ లేకపోతే దాన్ని ఆసు అనుకుని పైన చెప్పినట్టే సర్దండి. జోకర్, రాజు, 10, 8, 6, 4, 3 రకరకాల రంగుల్లో వస్తే వరుస ఎటూ కుదరదు. జోకర్ ఆసు అయింది కాబట్టి అది వెనక, రాజూ పదీ ముందు.

ఏం చేయాలో తోచనప్పుడు ముక్కలు డీలర్‌కి చూపించి హౌస్ వే ప్రకారం సర్దమని అడగొచ్చు. అడగడానికి మొహమాటపడకండి. బల్ల దగ్గర అది మామూలు విషయం, డీలర్లు విసుక్కోరు.

డబ్బు లెక్క

ఈ బల్ల దగ్గర డబ్బు ఎక్కువసేపు నిలుస్తుంది. కారణం పుష్‌లు. మీరూ డీలరూ ఇద్దరూ హౌస్ వే ప్రకారం ఆడితే నూటికి సుమారు 41 సార్లు పుష్ వస్తుంది. దాదాపు 28.6 సార్లు మీరు గెలుస్తారు, 29.9 సార్లు డీలర్ గెలుస్తాడు. పది డాలర్ల చొప్పున వంద ఆటలు ఆడారనుకోండి. గెలుపుల మీద కమిషన్ పోను వచ్చేది సుమారు 272, ఓడిపోయేది 299. వెయ్యి డాలర్ల పందేల మీద 27 డాలర్లు క్యాసినోకి వెళ్తాయి, అంటే 2.7 శాతం. ఇందులో కమిషన్‌దే సగం కన్నా ఎక్కువ, సమానమైన హ్యాండ్లు బ్యాంకర్‌కి వెళ్లడం వల్ల మిగతాది. ఎంత బాగా సర్దినా ఈ తేడా పోదు. నెమ్మదిగా పోతుందంటే పోదని కాదు. సినిమాకో హోటల్‌కో పెట్టే డబ్బులాగే దీనికీ ఒక మొత్తం ముందే పక్కన పెట్టుకుని, అది అయిపోతే లేవడమే సరైన పద్ధతి.

ఆ తేడాని బాగా తగ్గించే దారి ఒక్కటే, మీరే బ్యాంకర్ కావడం. చాలా క్యాసినోల్లో బ్యాంకర్ అవకాశం ఆటగాళ్లకీ వంతులవారీగా వస్తుంది. అప్పుడు బల్ల దగ్గర అందరూ మీతో పోటీపడతారు, సమానమైన హ్యాండ్లు మీకే వస్తాయి. అందరి పందేలకీ సరిపడా చిప్స్ మీ ముందు ఉండాలి, అంతకు ముందు ఆటలో డీలర్‌తో ఆడి ఉండాలి. పందేలు పెద్దగా ఉన్న బల్ల అయితే కొత్తవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది, ఒక్క చెడ్డ హ్యాండ్‌తో అయిదారుగురికి చెల్లించాల్సి రావచ్చు.

బల్ల మీద ఫార్చూన్ అనో బోనస్ అనో రాసి ఉన్న చిన్న వృత్తం కనిపిస్తుంది. ఏడు ముక్కల్లో పెద్ద హ్యాండ్ వస్తే ఆట గెలిచినా ఓడినా దానికి విడిగా చెల్లిస్తారు. నాలుగు ఒకే నంబరువి వచ్చినప్పుడు పక్కవాడు చప్పట్లు కొడుతుంటే అందులో డబ్బు పెట్టాలనిపిస్తుంది. కానీ అక్కడ క్యాసినో వాటా ప్రధాన ఆట కన్నా రెండు మూడింతలు ఉంటుంది. నా సలహా, దాన్ని ఖాళీగా వదిలేయండి.

కమిషన్ లేని రకాలు కూడా ఇప్పుడు విరివిగా ఉన్నాయి. ఈజీ పై గౌలో డీలర్‌కి జత లేకుండా రాణి పెద్ద ముక్కగా వస్తే అందరికీ పుష్. ఫేస్ అప్ పై గౌలో డీలర్ ముక్కలు ముందే తిప్పి చూపిస్తారు, డీలర్‌కి జత లేకుండా ఆసు పెద్ద ముక్కగా వస్తే పుష్. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఫేస్ అప్ బాగా పనికొస్తుంది. ఎదుటి రెండు హ్యాండ్లూ కనిపిస్తుంటాయి కాబట్టి, ఎంత బలం వెనక చాలో, ఎంత ముందుకు పంపాలో కళ్లెదుటే తెలుస్తుంది.

ఇంట్లో సాధన

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు మార్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ వర్తించేలా చట్టం తెచ్చింది. కాబట్టి ఇక్కడ ఉన్నవాళ్లు పై గౌ నేర్పిస్తామంటూ డబ్బు కట్టమనే యాప్‌ల జోలికి వెళ్లొద్దు. నేర్చుకోవడానికి ఒక పేక, అందులోంచి ఒక్క జోకర్ చాలు. నలుగురు కూర్చుంటే ఇంకా బాగుంటుంది. డబ్బు బదులు చింతగింజలో అగ్గిపుల్లలో పెట్టుకోండి, వంతులవారీగా బ్యాంకర్ అవ్వండి. ప్రతి ఆట అయ్యాక ముక్కలు కలిపేయకుండా, ఒకరి హ్యాండ్‌ని ఇంకొకరు వేరేలా సర్ది చూడండి. ఎలా సర్దితే గెలిచేదో, ఎలా సర్దితే పుష్ అయ్యేదో అప్పుడే అర్థమవుతుంది.

ఒక్కరే ఉంటే ఏడేసి ముక్కల చొప్పున రెండు కుప్పలు వేసుకుని, ఒకటి డీలర్‌దిగా పైన చెప్పిన లెక్కల ప్రకారం సర్దండి. రెండోది మీ బుద్ధికి తోచినట్టు సర్ది, తర్వాత రెండు జతల కూడిక చేసి సరిచూసుకోండి. ముందుగా ఈ మూడూ ప్రయత్నించండి. రాణి, రాణి, 4, 4, రాజు, 8, 6. జాకీ, జాకీ, 3, 3, ఆసు, 9, 5. జోకర్, ఆసు, 7, 7, రాజు, 9, 2. రంగులు కలగలిసే ఉన్నాయనుకోండి. మొదటిది 16, రాణుల జత వెనక, నాలుగుల జత ముందు. రెండోది 14, ఆసు ఉంది కాబట్టి జతలు రెండూ 5తో వెనక, ఆసూ 9 ముందు. మూడోదాంట్లో జోకర్ పక్కన ఆసు ఉంది, అంటే ఆసుల జత. ఏడుల జతతో కూడితే 21, ఆసూ జోకరూ వెనక రాజు, 9, 2లతో, ఏడులు ముందు.